పళ్ళదీ బోసిదీ

గర్... గర్... అని రెండుసార్లు వినిపించింది. కాసేపు ఏమీ లేదు. మళ్ళీ గర్... గర్...

అది 1998 ఆగస్టు. రాత్రంతా కురిసిన వాన పొద్దున్నే వెలిసింది. గుంటూరులో మా కాలేజీ వృక్షశాస్త్ర విభాగం వెనకవైపు నుంచి వస్తోంది ఆ చప్పుడు. నేను పరిశోధనలో చేరి అప్పటికి వారం. ఉడత ఏదో టెంకను కొరుకుతోందనుకున్నాను. కానీ చప్పుడు వెనక మెట్ల మీద నుంచి వస్తోందని తెలిసేసరికి నా కాళ్ళు వాటంతటవే పరుగు తీశాయి. ఆ మెట్ల మీదా, పక్క గోడ మీదా పెరిగిన పాచిని మా గైడు రామాంజనేయులుగారు మూడేళ్ళుగా ఎవరి చెయ్యీ పడకుండా కాపాడుకుంటున్నారు. నా చదువంతా దాంతోనే మొదలవ్వాలి.

మూడో మెట్టు మీద ఒకామె గొంతుక్కూచుని కొబ్బరిచిప్పతో గీకుతోంది. చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుంది. నుదుట రూపాయంత బొట్టు.

"ఆపమ్మా! ఆపు!" అని అరిచాను.

ఆమె వెనక్కి తిరగలేదు. "ఆపితే జారి పడేదెవరు? మొన్న గుమస్తాగారు పడ్డారు. నడుం పట్టుకుని ఇంకా మూలుగుతానే ఉన్నారు."

దగ్గరికి వెళ్ళి చూశాను. మెట్టు మీద నల్లగా, జిగురుగా పరుచుకున్న పొరను మాత్రం గీకేసింది. చిన్నచిన్న పచ్చటి మెత్తల్లాగా ఉన్న పాచి ఎక్కడిదక్కడే ఉంది. నీళ్ళు తీసిన చెరువులో దీవుల్లాగా ఉంది. ఒక్కదాని అంచు కూడా చెదరలేదు.

"మరి వీటిని గీకలేదే?" అన్నాను, గొంతు తగ్గించి.

"ఇవి జారవమ్మా. కాలేస్తే పట్టుకుంటయ్. జారేది వేరు, పట్టేది వేరు. పట్టేదాన్ని ఎందుకు చంపటం?" అని మొదటిసారి నా వైపు తిరిగింది. "పట్టేదాంట్లో మళ్ళీ రెండు రకాలున్నయ్. చదువుకున్నోళ్ళు, మీకు తెలీదా?"

నాకు తెలుసు. అంతకు రెండు రోజుల ముందే తెలిసింది. ఆ రెండూ వేరువేరని నాకు చూపించడానికి రామాంజనేయులుగారికి మైక్రోస్కోపు ముందు అరగంట పట్టింది.

ఆమె పేరు కోటిరత్నం. మా విభాగంలో ఊడ్చే పని. నల్లపాడులో కాపురం. పొద్దున్నే రైల్లో వచ్చేది, సాయంత్రం రైల్లో పోయేది. కాలేజీలో చేరకముందు బ్రాడీపేటలో నాలుగిళ్ళలో అంట్లు తోమి, వాకిళ్ళు కడిగింది. మా వైపు దాన్ని పాచి పని అంటాం. ఎవరైనా "ఏం చేస్తుంటావు?" అని అడిగితే, కాలేజీలో చేరాక కూడా ఆమె "పాచి పనండీ" అనే చెప్పేది. ఆ మాటలో ఆమెకు చిన్నతనం కనిపించేది కాదు. తరవాత తరవాత ఆ మాట చెప్పేటప్పుడు పెదవి చివర ఒక చిన్న నవ్వు వచ్చి చేరింది. ఆ నవ్వు ఎందుకో ఆమెకూ, నాకూ, మా గైడుగారికీ మాత్రమే తెలుసు.

గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పాచి మీద పరిశోధన అంటే నా స్నేహితులే నవ్వారు. మన్యంలోనో, కొండల్లోనో అయితే సరే. మిరపకాయలు ఎండబెట్టుకునే నేల మీద పాచేమిటి? కానీ ఉంటుంది. పాత బావుల ఒరల మీద, రైలు వంతెనల కింద, కాలవ తూముల పక్కన, ఉతుకుడు బండల మీద ఉంటుంది. ఎనిమిది నెలలు ఆకులు లోపలికి చుట్టుకుని, మట్టి రంగులోకి మారి, చనిపోయినట్టు పడి ఉంటుంది. నాలుగు చినుకులు పడితే అన్నాళ్ళూ పిలుపు కోసమే ఎదురుచూసినట్టు ఒక్కసారిగా విప్పుకుంటుంది. హయోఫిలా అనే ఒకే ఇంటిపేరున్న అక్కచెల్లెళ్ళు రెండింటిని విడదీసి, ఏది ఏ ఊళ్ళో ఉందో పటం మీద చుక్కలు పెట్టడం నా పని. ఒకదాని ఆకు కొస అంచున రంపంలా పళ్ళుంటాయి. రెండోదాని అంచు నున్నగా ఉంటుంది. ఆకే మిరపగింజంత. ఇక దాని పళ్ళ సంగతి చెప్పక్కర్లేదు.

ఒకరోజు ఆమె చీపురు పక్కన పెట్టి, "అంతసేపు ఆ గొట్టంలో ఏం చూస్తారమ్మా?" అని అడిగింది. లేచి నా స్టూలు ఇచ్చాను. ఒక కన్ను మూయడం ఆమెకు చేతకాలేదు. చివరికి చేత్తో మూసుకుంది. కాసేపు ఊపిరి తీయలేదు.

"ఓసి నీ దుంపతెగ! పళ్ళు!"

రెండో ఆకు పెట్టాను. చూసి పకపకా నవ్వింది. "ఇది బోసిది. మా అత్త నోరే."

ఆ రోజు నుంచి మా విభాగంలో వాటి పేర్లు పళ్ళది, బోసిది. లాటిన్ పేర్లు కాగితం మీద ఉండిపోయాయి. ఒక్క రామాంజనేయులుగారు మాత్రం ఒప్పుకోలేదు. "శాస్త్రంలో ఇంటి పేర్లు పెట్టకూడదమ్మా," అనేవారు. కోటిరత్నం లేనప్పుడే అనేవారు.

సాయంత్రం ఈ సంగతి ఇంట్లో చెప్పిందట. ఆమె భర్త యలమందయ్య మిరపకాయల యార్డులో హమాలీ. ఆయన అన్న మాట మర్నాడు ఆమే నాకు చెప్పింది, నవ్వుతూ.

"పాచికి పళ్ళా? పొద్దున్నే కడుక్కుంటయ్యా మరి? నీ పళ్ళకే పాచి పట్టి ఉంటది, అద్దంలో అదే చూసుంటావ్ పో, అన్నాడమ్మా ఆ మహానుభావుడు."

తరవాత ఆమె ఒక పద్ధతి కనిపెట్టింది. ఎండిన పాచిని చిటికెడు తీసి, అరచేతిలో నీటిచుక్క వేసి, విప్పుకోనిచ్చి, కింది పెదవి మీద ఆనించి మెల్లిగా లాగేది. కళ్ళు మూసుకునేది. "పళ్ళది," అనేది. లేదా "బోసిది". పళ్ళది పెదవిని కొంచెం పట్టుకుంటుందట. బోసిది జారిపోతుందట. నేను ఏడాదిపాటు ప్రయత్నించాను. అన్నీ నాకు తడిగుడ్డలాగే తగిలాయి. రామాంజనేయులుగారు ఒకసారి తలుపు వేసుకుని ప్రయత్నించడం కిటికీలోంచి చూశాను. మీసాలు అడ్డం వచ్చాయి కాబోలు.

ఆయనకు ఆమె మీద అభిమానమే. కానీ ఒక నియమం ఉండేది. "ప్యాకెట్ లేనిదే చుక్క లేదు." ఎవరు చూసినా, ఎంత నమ్మకంగా చెప్పినా సరే, మొక్క కాగితంలో చుట్టి మా బీరువాలో ఉండాలి. మైక్రోస్కోపు కింద పెడితే ఇవాళా రేపూ పాతికేళ్ళ తరవాతా ఒకే మాట చెప్పాలి. అప్పుడే పటం మీద చుక్క.

జనవరి నుంచి మిరప కోతలు. కోటిరత్నం సెలవు పెట్టి అక్కలతో, వదినలతో కూలికి వెళ్ళేది. ట్రాక్టరు ఎక్కడికి తీసుకెళితే అక్కడికి. నేను బస్సుల్లో చేరలేని ఊళ్ళకు ఆమె ట్రాక్టర్లలో చేరింది. మధ్యాహ్నం అన్నాల వేళ, అందరూ చెట్టు నీడన నడుం వాలిస్తే, ఆమె ఊళ్ళోకి వెళ్ళి బావులు వెతికేది. పాచి చిటికెడు తీసి పాత న్యూస్‌పేపరు ముక్కలో పొట్లం కట్టేది. ఊరి పేరు అక్కడి బడిపిల్లల చేత రాయించేది. ఆమెకు చదువు రాదు. ప్రతి పొట్లం మీదా అన్నం మెతుకుతో ఒక మిరపగింజో, చిటికెడు దూదో అంటించి ఉండేది.

రెండు కోతల కాలాల్లో తొంభై నాలుగు పొట్లాలు తెచ్చింది. ఒక్కొక్కటీ విప్పి మైక్రోస్కోపు కింద చూసి, ఊరూ, రకమూ పుస్తకంలో రాసుకున్నాను. మిరపగింజా దూదీ చూసి, ఏ చేని పక్క నుంచి తెచ్చిందో గుర్తు పెట్టుకుందనుకున్నాను. ఎంత తెలివి అని మురిసిపోయి, పుస్తకంలో ఇంకో గడి గీసి 'పక్కనున్న పంట' అని రాశాను. ఆమెను అడగాలని కూడా తోచలేదు. మిరపగింజ ఉంటే మిరప, దూది ఉంటే పత్తి. ఇందులో అడగడానికేముంది?

2001 వేసవిలో ఆ గడులన్నీ ఒకచోట పేర్చి చూశాను. పళ్ళది ఎక్కడున్నా పక్కన మిరప. బోసిది ఎక్కడున్నా పక్కన పత్తి. తొంభై నాలుగింటిలో తొంభై రెండు అలాగే ఉన్నాయి. ఇంత చక్కటి సంబంధం ఎవరూ చూసి ఉండరు. మిరపకు కట్టే నీటి తేమ గురించి, పత్తికి కొట్టే మందుల గురించి ముప్పై పేజీల అధ్యాయం రాశాను. తప్పిన రెండింటికీ రెండు పేజీల వివరణ ఇచ్చాను. ప్రత్తిపాడు పొట్లం మీద మిరపగింజ ఉంది. ఊరి పేరులోనే పత్తి ఉన్నా పాచి మిరప వైపే మొగ్గిందని ఒక చమత్కారం కూడా విసిరాను. రామాంజనేయులుగారు చదివి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఇది పెద్ద సంగతమ్మా," అన్నారు.

పటం గోడకు తగిలించాను. పళ్ళదానికి ఎర్ర చుక్కలు, బోసిదానికి నీలం చుక్కలు. గది ఊడుస్తున్న కోటిరత్నాన్ని పిలిచి గర్వంగా చూపించాను.

"ఇవన్నీ నువ్వు తెచ్చినవే. ఇదిగో రొంపిచర్ల. ఇక్కడ పత్తి చేలు కాబట్టి బోసిది పెరిగింది."

ఆమె చీపురు చంకలో పెట్టుకుని పటం వైపు వంగింది. "రొంపిచర్లలో పత్తెక్కడుందమ్మా? మేం కోసింది మిరప గదా."

"పొట్లం మీద దూది పెట్టావుగా?"

"పెట్టా."

"అంటే పత్తి చేను పక్కనే గదా?"

ఆమె నా మొహంలోకి చూసింది. నాకు జ్వరమేమో అన్నట్టు చూసింది. "నేను పోయిందే మిరప కోతలకమ్మా. అన్ని ఊళ్ళలోనూ మిరపే. పత్తి చేలో నాకేం పని?"

"మరి దూది?"

"బోసిదని. చిగుళ్ళు మెత్తగా దూదిలా ఉండవూ? మిరపగింజ పన్నులా ఉండదూ? నాకు రాయటం రాదు గదా, గుర్తుండాలని పెట్టుకున్నా." అని ఆగి, "మీరేమనుకున్నారు?" అంది.

ఏమనుకున్నానో ముప్పై పేజీలు రాసి ఉంది. చెప్పాను. ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. కాసేపటికి నాకూ ఆపుకోవడం చేతకాలేదు. నవ్వుతూ నవ్వుతూ ఉండగానే అసలు సంగతి తట్టింది. నేను మైక్రోస్కోపులో చూసి తేల్చిన దానికీ, ఈమె ఊరి బావుల దగ్గర ఎండలో నిలబడి పెదవితో తేల్చిన దానికీ తొంభై నాలుగింట రెండే తేడా. నేను పంటకూ పాచికీ ఉన్న సంబంధం అనుకున్నది ఈమె చూపు.

రామాంజనేయులుగారు అంతా విన్నారు. ముప్పై పేజీలూ తీసి బల్ల సొరుగులో పెట్టి మూసేశారు. "మన విభాగంలో వీటిని విడదీయగలిగిన వాళ్ళు ముగ్గురున్నారన్నమాట. అందులో ఇద్దరికే మైక్రోస్కోపు కావాలి," అన్నారు. తరవాత నా వైపు తిరిగి, "ఇక నీ చేతిలో మిగిలింది పటమే. డిసెంబరులో థీసిస్ ఇచ్చెయ్యాలి. ప్రతి చుక్కా సరిచూడు," అన్నారు.

సరిచూస్తే పొదిలి దగ్గర ఆగిపోయాను.

పొదిలి మెట్టనేల. తాగేందుకే నీళ్ళు వెతుక్కునే చోటు. కోటిరత్నం చెల్లెలు అక్కడ ఉండేది. అంతకు ముందు ఏడాది చెల్లెలి కానుపుకు వెళ్ళినప్పుడు, పక్కింటి బావి దగ్గర బోసిది దొరికిందని ఆమె ఎంతో సంబరంగా చెప్పింది. మా దగ్గరున్న పాత జాబితాలో బోసిది అంత ఎండ నేలలో ఉన్నట్టు లేదు. దానికి కాలవల తేమ కావాలని మేమంతా అనుకునేవాళ్ళం. ఆమె మాట నిజమైతే పటం పడమటికి అరవై మైళ్ళు సాగుతుంది. నేను ఆ సంబరంలో చుక్క పెట్టేశాను. పొట్లం ఆమె ఇంట్లోనే ఉండిపోయింది.

"తెచ్చివ్వు, చూస్తాను," అన్నాను.

మర్నాడు ఆమె ఖాళీ కాగితం తెచ్చింది. మీద చిటికెడు దూది అలాగే ఉంది. లోపల గోధుమరంగు దుమ్ము రెండు నలుసులు. ఆ నలుసుల్లో ఒక్క ఆకు కూడా లేదు.

"ఆయనగారు ముక్కుపొడుం అనుకున్నాడంట," అంది తల దించుకుని. ముప్పై ఏళ్ళుగా యార్డులో పీల్చిన మిరప ఘాటు యలమందయ్య ముక్కును మొద్దుబార్చింది. ఎంత ఘాటు పొడుమైనా ఆయనకు చాలదు. అటక మీద పొట్లం చూసి, నలిపి, పీల్చి, "ఇదేం పొడుమే, పస లేదు," అని పారబోశాడట.

రామాంజనేయులుగారు కాగితాన్ని వెలుతురుకు ఎత్తి చూశారు. పొదిలి మీది నీలం చుక్కను బ్లేడుతో మెల్లిగా గీకారు. గర్... గర్... అని రెండుసార్లు వినిపించింది.

"నేను చూశా గదయ్యగారూ. పెదవి మీద పెట్టుకున్నా. చాలదా?"

"నువ్వు చూశావని నాకు తెలుసు కోటిరత్నం. కానీ రేపు పరీక్షించే ఆయనకు నీ పెదవి చూపించలేను గదా."

ఆమె చీపురు తీసుకుంది. గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. "అంటే నా మాట పొడుం కింద పోయిందన్నమాట," అంది. నాకు ఆమె గొంతులో అంత చిన్న మాట ఎప్పుడూ వినిపించలేదు.

నవంబరులో వానలు పడ్డాక నేనూ కోటిరత్నం పొదిలి బయల్దేరాం. నరసరావుపేట దాటాక చేలలో పత్తి పగిలి ఉంది. రోడ్డు పక్క తుమ్మచెట్ల ముళ్ళకు లారీల మీంచి ఎగిరిన దూది చిక్కుకుని వేలాడుతోంది. కిటికీ పక్క కూర్చున్న కోటిరత్నం వాటిని చూసి, "అదిగో, మీ పంట," అని వెక్కిరించింది. వినుకొండలో బస్సు మారాం. కొండ మీద మబ్బు ఆగి ఉంది. ఆమె కొండ చూడలేదు. బస్టాండు అరుగు కింద వంగి, గోరుతో చిటికెడు తీసి, "పళ్ళది," అని దులిపేసింది. కురిచేడు, దర్శి దాటేకొద్దీ నేల ఎర్రబడి, చెట్లు కురచబడి, ఆమె మాటలు తగ్గాయి.

ఆ బావి ఉన్న సర్దార్‌బీ ఇల్లు కోటిరత్నం చెల్లెలి ఇంటికి ఆనుకునే ఉంది. అరవై దాటిన మనిషి. బావి దగ్గర చేద పట్టుకుని నిలబడి ఉంది.

"ఏం రత్నం, మళ్ళీ ఏం పీక్కుపోదామని వచ్చావ్?"

"నీ బావి బండ మీద పాచి కోసం సర్దార్‌బీ. గోరంత ఉంటే చాలు."

సర్దార్‌బీ చేద కింద పెట్టి నడుం మీద చెయ్యేసుకుంది. "బండ మీద పాచా? నువ్వు ఉండనిచ్చావా తల్లీ? నీళ్ళు తోడుకోనిచ్చానని, ఊరికే పోకూడదని, చిప్ప తీసుకుని బండంతా గీకి అద్దంలా కడిగిపోతివి గదా! మా కోడళ్ళకి ఇప్పటికీ నిన్నే చూపిస్తా, పనంటే అదీ అని."

బండ నున్నగా మెరుస్తోంది. దానిమీద ఆకాశం కనిపిస్తోంది.

కోటిరత్నం బండ పక్కన కూలబడింది. తన అరచేతులు తిప్పి చూసుకుంది. "నేనేనమ్మా. చిటికెడు తీసి కొంగున కట్టుకున్నా. మిగతాది ఈ చేత్తోనే..." అని ఆగిపోయింది. "పట్టేదాన్ని చంపకూడదని మీకు చెప్పినదాన్ని నేనే. ఊళ్ళో ఆడమనిషి నీళ్ళిచ్చింది గదా అని చెయ్యి ఊరుకోలేదు. ముప్పై ఏళ్ళ పాచి పని."

సర్దార్‌బీకి సంగతి పూర్తిగా అర్థం కాలేదు. కానీ ఎదటి మనిషి బాధ అర్థమైంది. చెంబుతో నీళ్ళు తెచ్చి చేతికిచ్చింది.

కోటిరత్నం తాగలేదు. చెంబు వంచి నీళ్ళు బండ మీద పోసింది. అవి ఎటు పోతున్నాయో చూస్తూ కూర్చుంది. నీళ్ళు బండ దిగి, చిన్న గాడిలో పడి, పెరటి గోడ వైపు పాకాయి. ఆమె లేచి వాటి వెంట నడిచింది.

"గీకిందాన్ని ఎటు ఊడ్చానా అని," అంది ఎవరితోనో అన్నట్టు. "చెత్త ఎప్పుడూ వాలుకే ఊడుస్తా."

గోడ మొదట దానిమ్మ చెట్టు నీడన పాత నాపరాళ్ళు రెండు అడ్డంగా పడి ఉన్నాయి. వాటి సందులో మట్టి రంగు నూగు ఉంది. నేనైతే మట్టే అనుకునేదాన్ని. కోటిరత్నం మోకాళ్ళ మీద కూర్చుని చెంబులో మిగిలిన నీళ్ళు వేళ్ళ మీంచి చిలకరించింది. మేం ముగ్గురం వంగి చూశాం. మట్టిలో ఏదో కదిలింది. చుట్టుకున్న వేలవేల ఆకులు ఒకదాని తరవాత ఒకటి విప్పుకున్నాయి. గోధుమరంగు పోయి పచ్చదనం పాకింది. పాచి ఆకు తునక పడినచోట మళ్ళీ పాచి మొలుస్తుందని నేను పుస్తకంలో చదివాను. ఆమె ఏ పుస్తకమూ చదవకుండా ఊడ్చి నాటింది.

చిటికెడు తీసి పెదవి మీద పెట్టుకుంది. కళ్ళు మూసుకుంది. సర్దార్‌బీ నా చెయ్యి పట్టుకుని, "పాచి నోట్లో పెట్టుకుంటదేంటే పిచ్చిది!" అంది.

"బోసిది," అంది కోటిరత్నం. కళ్ళు తెరిచి దాన్ని అరచేతిలో చూపించింది. "నవ్వుతా ఉంది చూడండి."

పొట్లం కట్టి, దారంతా గుప్పిట్లోనే పెట్టుకుంది. యలమందయ్య కంటపడకూడదని ఆ రాత్రికి నా దగ్గర ఉంచింది. పొద్దున్నే రామాంజనేయులుగారు స్వయంగా ఆకు తీసి, నీటిచుక్కలో పరిచి, మైక్రోస్కోపు కింద పెట్టారు. కోటిరత్నం తలుపు దగ్గర నిలబడి ఉంది. ఆయన మొదటి ఆకు చూశారు. రెండోది చూశారు. మూడోది కూడా చూశారు. తల ఎత్తారు.

"బోసిదే," అన్నారు. ఆ పేరు ఆయన నోట రావడం అదే మొదలు.

నీలం పెన్ను ఆమె చేతికిచ్చారు. ఆమెకు పెన్ను పట్టుకోవడం రాదు. పిడికిలితో పట్టుకుంది. పొదిలి ఎక్కడో నేను వేలు పెట్టి చూపించాను. గట్టిగా నొక్కింది. సిరా పాకి, ఆ చుక్క మిగతా చుక్కలకు రెండింతలైంది.

"పెద్దదైపోయిందమ్మా," అంది కంగారుగా.

"ఉండనీ. దూరం నుంచి వచ్చింది గదా," అన్నారాయన.

ప్యాకెట్ మీద సేకరించినవారు అన్నచోట ఆయన చెప్పకముందే కోటిరత్నం అని రాశాను. ఆ అక్షరాల మీద చూపుడువేలు పెట్టి చదువుతున్నట్టు నడిపించింది. నాలుగక్షరాలూ అయ్యాక, "ఇంతేనా నేను?" అని నవ్వింది.

మరుసటి ఏడాది నన్ను పరీక్షించడానికి విశాఖపట్నం నుంచి ఒక పెద్దాయన వచ్చారు. పటం ముందు నిలబడి, ఆ పెద్ద చుక్క మీద కలం పెట్టి, "ఇది నమ్మలేను. ఎవరు సేకరించారు?" అన్నారు. అప్పుడే కోటిరత్నం టీ గ్లాసులు తెస్తోంది. ప్యాకెట్ తెచ్చి ఆయన ముందు పెట్టాను. ఆయన చూశారు. చూసి, ఇంకోసారి చూసి, కళ్ళజోడు సర్దుకున్నారు. రామాంజనేయులుగారు గ్లాసులు పంచుతున్న ఆమెను చూపించి, "ఈవిడే," అన్నారు.

"మీరేం చేస్తుంటారమ్మా?" అని అడిగారు పెద్దాయన, కాస్త తికమకగా.

"పాచి పనండీ," అంది కోటిరత్నం. పెదవి చివర ఆ చిన్న నవ్వు.

"అవునండీ," అన్నారు రామాంజనేయులుగారు. "మా విభాగంలో పాచి పనంతా ఆవిడదే."

నాకు వేరే ఊళ్ళో ఉద్యోగం వచ్చింది. ఏడాదికొకసారి నల్లపాడు వెళ్ళేదాన్ని. 2007 వేసవిలో ఆమె పోయిందని యలమందయ్య ఎవరిచేతో ఉత్తరం రాయించాడు. ఉత్తరంలో అన్నం మెతుకుతో అంటించిన చిటికెడు దూది ఉంది. అది ఆమె గుర్తని, చెప్పకుండానే నేను తెలుసుకుంటానని అనుకున్నాడేమో. తెలిసింది.

ఆమెను చివరిసారి చూసింది అంతకు ముందు జులైలో. ఇంటి ముందు మంచం మీద కూర్చుని ఉంది. కళ్ళకు పొర కమ్మింది. ఆపరేషన్ చేయించుకోమంటే, "పెదవి ఉందిగా," అంది. యలమందయ్య గుమ్మంలో నిలబడి, "అడగండమ్మా, నన్ను కూడా పెదవితోనే గుర్తుపడతదేమో," అని వేళాకోళం చేశాడు. ఆమె చేతికందిన చీపురుపుల్ల ఆయన మీదికి విసిరింది. అంతలో చినుకులు మొదలయ్యాయి. వాళ్ళ గుమ్మం ముందు ఒకటే మెట్టు, నాపరాయి మెట్టు. వస్తున్నప్పుడు దాన్ని గమనించలేదు. చినుకులు పడగానే దాని అంచు వెంట మట్టి రంగు గీత ఒకటి మెల్లిగా విప్పుకుని పచ్చబడింది.

"ఇదెక్కడిది?" అన్నాను.

"పొదిలిది. ఆ రోజు మీ పొట్లంలోకి కొంత, నా కొంగుకి కొంత. ప్యాకెట్ పోయినా చుక్క పోకూడదని." ఆమె మెట్టు వైపే చూస్తోంది, కనిపించకపోయినా. "మా వీధిలో అందరూ తిడతారు, పాచి పని చేసినదాని ఇంటి ముందే పాచేంటే అని."

రైలు వేళయింది. లేచాను. మంచం మీంచి చెయ్యి చాచి నా మోచెయ్యి పట్టుకుంది. వదలకుండానే అంది.

"మెట్టు దగ్గర చూసి దిగండమ్మా. మీరు జారతారని కాదు, దాన్ని తొక్కుతారని."